నర్సింగం కండక్టర్ లోకాల తనిఖీ

కండక్టర్ నర్సింగానికి కథ చెప్పాలంటే, ముందు ఆ ఊళ్లో బస్సు ఎక్కడ ఆగుతుందో చెప్పాలి. అది తేలనిదే రాజకుమారి గుండెలు బాదుకుని ఏడ్చినా ఆయన నమ్మడు.

తెలంగాణ కోసం సాగిన సకల జనుల సమ్మెలో బస్సులన్నీ డిపోలో పడుకున్న రోజులవి. పొద్దున కోరుట్ల బస్టాండు ముందు టెంట్లో నినాదాలిచ్చి, మధ్యాహ్నం రోడ్డు మీదే వంటావార్పులో తినేసి, చేతులు తుడుచుకుంటూ తిన్నగా జమున నడిపే నెట్ సెంటర్‌కు వచ్చేవాడు. అక్కడ కంప్యూటర్లో కథల ఆటలుండేవి. తెర మీద బొమ్మ, కింద మాటలు, నడుమ నడుమ ‘ఇప్పుడేం చేస్తావ్?’ అనే ప్రశ్న. మన జవాబును బట్టి కథ మలుపు తిరుగుతుంది. కొన్ని ఘట్టాలు దాచిపెట్టి ఉంటాయి, సరైన దారిలో పోయినవాడికే తెరుచుకుంటాయి.

మేఘాల మీద కోట ఉన్న ఆటను నర్సింగం మూడు రోజుల్లో జల్లెడ పట్టాడు. దాచిన పదకొండు ఘట్టాలూ బయటికి లాగాడు.

“ఎట్లుందన్నా?” అని అడిగింది జమున.

“కోట మంచిగనే ఉంది. నాలుగువేల మంది రాక్షసులున్నరు, ఒక్క పొలం లేదు. ఏం తింటరు? కిందికి ఎట్ల దిగుతరు? బస్సు ఆగే జాగ ఏది?”

“వాళ్లకు రెక్కలుంటయి గదన్నా.”

“ముసలోళ్లకు?”

జమున తెర మీది కోటను మళ్లీ చూసింది. ఆట తయారుచేసిన మహానుభావులకే తట్టని ముసలి రాక్షసులు ఈయనకెలా తట్టారు?

మర్నాడు భయపడుతూనే, తాను సొంతంగా తయారుచేసిన ఆట ఆయన ముందు పెట్టింది. సిరిసిల్లలో మరమగ్గాల గల్లీ, అందులో తిరిగే ఓ అమ్మాయి.

“మగ్గాలు నడుస్తుంటె గిట్ల మెల్లగ ముచ్చట పెడుతరా? ఆ సప్పుడుకు గొంతు చించుకొని ఒర్రాలె. కరెంటు పోతె సప్పుడు బందయితది, గప్పుడు ఆడోళ్లంత బయటికొస్తరు. నీ గల్లీల ఒక్కలు రాలె.”

ఆ గల్లీలోనే పుట్టి పెరిగిన జమునకు మగ్గాలు ఆగిన క్షణం గుర్తొచ్చింది. ఇంతకాలం తాను మరిచిపోయిన నిశ్శబ్దం అది.

అయితే గల్లీ చివర నీలం తలుపు దగ్గర నర్సింగం ఇరుక్కుపోయాడు. అరవై మూడు సార్లు ఆడాడు. ఏ జవాబిచ్చినా అది తెరుచుకోలేదు.

“అది తెరవదన్నా. ఎనుక ఏం రాయలె.”

“ఏం లేనిదానికి తాళమెందుకు?”

జమున పక్క కుర్చీ లాక్కుని కూర్చుని చెప్పింది. అది వాళ్లమ్మ లచ్చవ్వ ఇల్లు. మూడేళ్ల కింద తాను మధుకర్‌ను ఇష్టపడి పెళ్లి చేసుకుంటే, ‘మల్ల నా గడప తొక్కకు’ అంది లచ్చవ్వ. ఆమె పిలవలేదు, ఈమె పోలేదు. పోతే మొహం మీదే తలుపేస్తుందేమోనని భయం.

“గట్లనా,” అని నర్సింగం మళ్లీ మౌస్ పట్టుకున్నాడు. కడుపులో మాట చెబితే ఈ మనిషికి ఆటే ఎక్కువైందని జమునకు ఒళ్లు మండింది.

తర్వాత రెండు రోజులు ఆయన జాడ లేదు. మూడో రోజు ఒళ్లంతా దుమ్ముతో వచ్చి కుర్చీలో కూలబడ్డాడు.

“మీ గల్లీ తనిఖీకి పోయిన. జగిత్యాలకు ఒక ఆటో, కొండగట్టుకు ఒకటి, వేములవాడకు ఒకటి, ఆడికెల్లి సిరిసిల్లకు ఇంకోటి. నీ ఆటల రెండు తప్పులున్నయి. తలుపు నీలం కాదు, పచ్చ. రంగేసిండ్రు. ఇంకోటి, దానికి తాళం లేదు. తోస్తె తెరుచుకున్నది.”

“లోపట?”

“మీ అమ్మ బీడీలు చుడుతుంది. ‘తలుపు తెరవదని మీ బిడ్డ ఆటల రాసింది’ అని ఆమెకు చెప్పిన. ‘అది పొద్దుగాల్నో మాపో వస్తదని, గడియ పెట్టుడు ఇడిసిపెట్టి మూడేండ్లాయె’ అన్నది.”

జమున తెర మీది నీలం తలుపును చూసింది. “బస్సులు లేవు గదన్నా,” అంది.

“ఆటో మాట్లాడిన. బయటనే ఉంది.”

జమున షట్టరు దించింది. డ్రైవర్ పక్కన సగం సీటులో కూర్చున్న నర్సింగం, సిరిసిల్ల దాకా వెనక్కి తిరిగి ఆటలో తప్పులు ఏకరువు పెడుతూనే ఉన్నాడు. దారి పొడుగునా ఆమెకు భయపడే తీరిక ఇవ్వలేదు.