గాలి మార్పుకు పోయిన పెట్టె

జనగామలో మా మేడ మీది రేకుల గదిలో, విరిగిన కాలికి ఇనుప తీగ చుట్టిన ప్లాస్టిక్ కుర్చీ ఒకటి ఉంది. అందులో కూర్చుని నేను జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి ప్రాంతాలను ఏలుతుంటాను. కిరీటం లేదు కానీ ఎండాకాలం నెత్తిన తడి తువ్వాలు ఉంటుంది.

పత్తి జిన్నింగు మిల్లుల్లో టోకెన్లు నడిపే చిన్న కంపెనీ మాది. ఒక్కో ఊరి యార్డులో స్వీటు డబ్బా అంత కంప్యూటర్ పెట్టె ఒకటి ఉంటుంది. ఆ చుట్టుపక్కల రైతుల పేర్లన్నీ దాని కడుపులోనే. ఎవరి వంతు ఎప్పుడో, పత్తి ఎక్కడికి తేవాలో ఆ పెట్టే వాళ్ళ ఫోన్లకు సందేశం పంపుతుంది. బండి రాగానే గేటు మీది బోర్డులో నంబరు వెలిగిస్తుంది. నంబరు వెలగకపోతే గేటు తెరవరు. బ్రహ్మదేవుడే పత్తి వేసుకొచ్చినా పక్కకు పెట్టమంటారు.

ఈ పెట్టెల దగ్గరికి నేను పోను. ఏలేవాడు పోతాడా? అవి ఎట్లా ఉండాలో ముందే కోడ్‌గా రాసి పెట్టుకున్నాను. ఒక్క ఆజ్ఞ కొడితే ఆ కోడ్ లోకమంతా తిరిగి చూసి, ఎక్కడైనా తేడా ఉంటే సరిచేసి, ఎస్ఎస్‌హెచ్ అనే సొరంగంలోంచి ఒక్కో పెట్టెలోకి దూరి, నా స్క్రిప్టు నడిపి వస్తుంది. ఆ సమయంలో నేను చేసే పని చాయ్ తాగడం. దీన్నే మా కంపెనీ వాళ్ళు ఆటోమేషన్ అంటారు, మా ఆవిడ సోమరితనం అంటుంది.

ఎస్ఎస్‌హెచ్‌కు మాత్రం ఒక చాదస్తం ఉంది. ప్రతి పెట్టెకూ వేలిముద్ర లాంటిదొకటి ఉంటుంది. పాత చిరునామాలో కొత్త ముద్ర కనబడితే చాలు, "వీడు నీకు తెలిసినవాడేనా?" అని గుమ్మంలో నిలబడిపోతుంది. కోడలి చుట్టాలను ఆరా తీసే అత్తగారు నయం. అందుకని చేరిన కొత్తలోనే దాని నోరు నొక్కేశాను: ఎవరున్నా మనవాడే, అడగకు, లోపలికి పో. లోకంలో సగం మంది ఇంజనీర్లు ఇదే చేస్తారు. మిగతా సగం చేసి చెప్పరు.

ఆ ఆదివారం మధ్యాహ్నం కూడా స్క్రిప్టు నడిపాను. మూడు ఊళ్ళకూ ఆకుపచ్చ అక్షరాల్లో "విజయం" అని వచ్చింది. నేను పప్పుచారుతో అన్నం తిని, దండయాత్ర ముగించిన చక్రవర్తిలా గురక పెట్టాను. పెట్టెలు ఆ సాయంత్రమే రైతులకు సందేశాలు పంపాయి.

సోమవారం పొద్దున ఫోన్ మోగింది. ప్రతి సందేశం చివర సహాయం కోసం నా నంబరే పెట్టించుకున్నాను. ప్రజాసేవ మీద నా మోజు అట్లాంటిది. అప్పటిదాకా ఆ మోజును ఎవరూ పరీక్షించలేదు.

"తమ్మీ, భూపాలపల్లి ఏ దిక్కుంటది?" ఆడమనిషి గొంతు. వెనక ట్రాక్టరు గుడగుడమంటోంది.

"ఎందుకక్కా?"

"ఎందుకంటవేంది? నువ్వే గద పత్తి గాడికి తెమ్మని మెసేజ్ పెట్టినవు! మాది పెద్దవంగర దగ్గర తండా. ఎప్పుడైనా మానుకోటకే ఏస్తం. గిదేం కొత్త కథ?"

మానుకోట అంటే మహబూబాబాదే. వాళ్ళ తండా నుంచి భూపాలపల్లి పోవాలంటే దానికి రెట్టింపు దూరం, అదీ అవతలి దిక్కుకు. అయినా నేను నా కుర్చీ పరువు నిలబెట్టాలి కదా.

"మిషన్ చెప్పిందంటే ఊరికే చెప్పదక్కా," అన్నాను గంభీరంగా.

"నీ మిషన్ ఎన్నడన్న పెద్దవంగర సూసిందా? మొగులు పట్టింది తమ్మీ. మొదటి ఏరుడు పత్తంత గీ ట్రాక్టరుల్నే ఉన్నది. తడిసిందంటే మిల్లోళ్ళు ఎనకకు కొడ్తరు. గాడిదాక పోవాల్నంటే నడుమల్నే నానుతది. జల్ది చెప్పు."

అని, ఫోన్ పక్కకు పెట్టి వాళ్ళ ఇంటి భాషలో ఎవరినో ఏదో అంది. నాకు ఒక్క మాట అర్థం కాలేదు కానీ, అవతల ఉన్నది భర్త అనీ, ట్రాక్టరు మీది పరదాకు చిరుగు ఉందనీ మాత్రం తెలిసిపోయింది.

ఆమెను కాస్త ఆగమని ఫోన్ పెట్టానో లేదో, భూపాలపల్లి వైపు నుంచి ఒక పెద్దాయన ఫోన్. "సారూ, పత్తి మానుకోటకు తెమ్మన్నరు. మా పోరనికి పిల్లను సూడనీకెనే నేను గంత దూరం పోలె, పత్తికి పోతనా?"

అప్పుడు నా నడుము కుర్చీలో నిటారైంది. తీగ కట్టిన కాలు కిర్రుమంది.

కోడ్‌ను మళ్ళీ పంపాను. అది మూడు ఊళ్ళూ తిరిగొచ్చి, "మార్పులేమీ అక్కర్లేదు, లోకం మీరు రాసినట్టే ఉంది" అని నివేదించింది. నా చిన్నతనంలో మా ఇంటికి వచ్చిన పంతులు కూడా ఇంత ధీమాగా జాతకం చెప్పలేదు. ఇక లాభం లేదని ఎస్ఎస్‌హెచ్ నోటి మీది చెయ్యి తీసి, మహబూబాబాద్ పెట్టెలోకి స్వయంగా పోబోయాను. తెర నిండా పెద్ద పెద్ద అక్షరాలు: జాగ్రత్త, అవతల ఉన్నది నువ్వనుకున్నవాడు కాడు! భూపాలపల్లికి పోతే అక్కడా అదే కేక. పాపం, ఎన్నాళ్ళుగా మింగుకుని కూర్చుందో.

మహబూబాబాద్ యార్డులో మా పెట్టెను చూసుకునే అతనికి ఫోన్ చేశాను.

"పెట్టె ఎట్లున్నదయా?"

"మంచిగున్నది సార్. జర సప్పుడు జేస్తుంది, అంతే."

"ఎప్పటి సంది?"

"శనివారం సంది. ఆరోజు మా పోరనివి పుట్టెంట్రుకలు తీయించినం సార్, చిల్పూరు గుట్ట మీద. మిమ్ములను గూడ పిలుద్దామనుకున్న గని..."

"పెట్టె సంగతి చెప్పు."

"గదే చెప్తున్న. మేనమామ ముందుగాల కత్తెర పెట్టాలె గద? మా బామ్మర్ది కత్తెర పట్టుకున్నడు గని పెడ్తలేడు!"

ఆ బామ్మర్ది ఎవరో కాదు, భూపాలపల్లిలో మా రెండో పెట్టెను చూసుకునే మనిషి. అక్కడ బొగ్గు దుమ్ము. అతని పెట్టె ఫ్యాన్‌లో బొగ్గు చేరి పిండిమిల్లులా మోగుతోందట. నేను పట్టించుకోవడం లేదట. ఆ మాట నేను వినలేదు.

"'బావా, నీ పెట్టె నాకిస్తనంటేనే కత్తెర పెడ్త. నాది నీ తాన ఉంచుకో, గాలి మారితే బాగైతది' అన్నడు సార్. పోరడు ఒక్క తీరుగ ఏడుస్తుండు. మంగలాయన జల్ది జల్ది అంటుండు. మా ఆమె నా దిక్కు ఎట్ల సూసిందో నాకే ఎరుక. తమ్మునికి డబ్బా ఇయ్యలేని మొగడా అన్నట్టు! మీరైతే ఏం జేస్తుండె?"

నేనైతే పెట్టెతో పాటు నా కుర్చీ కూడా ఇచ్చేవాణ్ణి. అది వేరే సంగతి.

"ఒక్క కంపెనీయే గద సార్, రెండు ఒక్క తీరుగనే ఉన్నయి. ఆయ్యాళ పొద్దూకి మార్చుకున్నం."

పెట్టెలు మారాయి, కడుపులోని రైతులతో సహా. నా స్క్రిప్టుకు తెలిసింది ఊరి చిరునామా ఒక్కటే. మహబూబాబాద్ చిరునామాలో ఉన్న పెట్టెకు "నువ్వు మహబూబాబాద్" అని చెప్పి వచ్చింది. ఆ పెట్టె బుద్ధిగా తన దగ్గరున్న భూపాలపల్లి రైతులందరినీ మహబూబాబాద్‌కు పిలిచింది. భూపాలపల్లిలో ఉన్న పెట్టె కూడా అంతే బుద్ధిగా మహబూబాబాద్ వాళ్ళను అటు పిలిచింది.

పెద్దాయనను భూపాలపల్లికే పొమ్మని, అక్కకు ఫోన్ చేసి మానుకోటకే పొమ్మన్నాను. "గా మాట ముందుగాల అనరాదా!" అని ట్రాక్టరు కదిలించింది. కానీ అక్కడి పెట్టెలో ఆమె పేరు లేదు. ఆమె చేరేలోపు రెండు పెట్టెల కడుపులూ మార్చాలి. మానుకోటలో ఉన్న జాబితా భూపాలపల్లికి, భూపాలపల్లిలోది మానుకోటకు, జనగామ మీదుగా. అప్పటికప్పుడు స్క్రిప్టు రాసి సొరంగంలోకి వదిలాను.

"ఇంకా నడుస్తోంది" అంది తెర. మళ్ళీ "ఇంకా నడుస్తోంది". భూపాలపల్లిలో సిగ్నల్ చచ్చుబడింది. బామ్మర్దికి ఫోన్ చేసి రౌటరును బయటికి తీసుకురమ్మన్నాను.

"ఈడ చినుకులు మొదలైనయి సార్!"

"గొడుగు పట్టు."

"పట్టుకున్న సార్."

"నీకు కాదయా, రౌటరుకు!"

అక్క తొర్రూరు దాటానంది. నెల్లికుదురులో గాలి లేచిందంది. ప్రతిసారీ వెనక పరదా గురించి భర్తకు పడుతున్న తిట్లు కొద్దికొద్దిగా నా వైపు తిరుగుతున్నాయేమోనని అనుమానం వచ్చింది. చివరికి గేటు దగ్గరికి చేరి, ఫోన్ పెట్టకుండా నన్ను పట్టుకుని నిలబడింది.

"నంబరు పడ్తలేదు తమ్మీ. గేటాయన పక్కకు పెట్టుమంటుండు. మొగులు నెత్తి మీదికొచ్చింది."

నా తెర మీద ఇంకా నడుస్తూనే ఉంది. నాకు తెలిసిన దేవుళ్ళందరినీ అడిగాను, తెలియని చిల్పూరు గుట్ట దేవుడికి మొక్కాను. పుట్టెంట్రుకలు ఎప్పుడో పోయాయి కాబట్టి, నెత్తిన ఉన్న నాలుగు వెంట్రుకలూ ఇస్తానన్నాను.

"పడ్డది! పడ్డది తమ్మీ!" గేటు కర్రుమన్న చప్పుడు, ట్రాక్టరు గర్జన, ఆ వెంటనే షెడ్డు రేకుల మీద వాన. నాలుగు మాటలు ఆమె ఏమందో వినబడలేదు. తర్వాత స్థిమితంగా చెప్పింది: "లోపటికొచ్చినం. పరదా చిరిగినకాడ జర తడిసింది. గంతమటుకు పక్కకు ఆరబోస్తమన్నరు. మిగిలిందంత మంచిగుంది."

పెట్టెలు మళ్ళీ ఎవరివి వాళ్ళకు చేరలేదు. అడిగితే ఇద్దరూ ఒక్కటే మాట: ఇచ్చింది ఎట్లా అడుగుతం సార్? పైగా బామ్మర్ది పెట్టెకు మానుకోట గాలి పడిందట, చప్పుడు తగ్గిందట. నేను దాన్ని ఊది శుభ్రం చేయించడం వల్ల కావచ్చని అంటే బావగారు నవ్వాడు. ఎస్ఎస్‌హెచ్ నోరు మాత్రం మళ్ళీ నొక్కలేదు. ఇప్పుడది గుమ్మంలో నిలబడి అడిగినప్పుడల్లా చాయ్ పక్కన పెట్టి జవాబిస్తున్నాను.

రెండో ఏరుడుకు ఆమెకు సరైన సందేశమే పోయింది. అయినా పొద్దున్నే ఫోన్ వచ్చింది.

"ముందుగాల నువ్వెవరివో చెప్పు."

చెప్పాను.

"ఏ పెట్టె పంపింది? బావదా, బామ్మర్దిదా?" పెట్టెల కథంతా మానుకోట గేటు దగ్గర ఆమె చెవిన పడ్డట్టుంది.

"బావ దగ్గరున్న బామ్మర్దిదక్కా."

"దాంట్ల నా పేరున్నదా? అట్ల మాటకనకు, సూసి చెప్పు. నేను ఫోన్లనే ఉంట."

సొరంగంలోకి దిగి, పేరు వెతికి, ఉందన్నాను. ఆమె ఫోన్ పక్కకు తిప్పి వాళ్ళ భాషలో ఒక కేక వేసింది. అప్పుడు స్టార్టయింది ట్రాక్టరు.