చదివి వినిపించాను, సరి అంది

ఇన్నేళ్ళుగా నేను మోస్తున్నది ఒక్క కాగితం. దాని మీద రాత నాది, వేలిముద్ర ఇంకొకరిది. ఆ సంగతి మా ఆయనకు చెప్పలేదు. పిల్లలకు చెప్పలేదు. కోర్టులో ఏళ్ళ తరబడి నా పక్క కుర్చీలో కూర్చున్న స్నేహితురాలికీ చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు కాబట్టి మీకు చెప్పగలుగుతున్నాను. పేరు మాత్రం అడగకండి. పేరు చెప్పుకునే ధైర్యమే ఉంటే ఈ పని ఎప్పుడో అయిపోయి ఉండేది.

ఎక్కడ మొదలుపెట్టాలి? మేం వకీళ్ళం ఎక్కడ మొదలుపెడితే మాకు అనుకూలమో అక్కడే మొదలుపెడతాం. నేను నోటీసు బోర్డు దగ్గర మొదలుపెడతాను. అది నాకేమాత్రం అనుకూలం కాదు.

డెబ్బైలు పోయి ఎనభైలు వస్తున్న రోజులు. నేను మద్రాసులో లా చదువుతున్నాను. మాది తిరుత్తణి పక్కన మగ్గాల ఊరు. ఇంట్లో తెలుగు, బడిలో తమిళం, కాలేజీలో ఇంగ్లీషు. మా నాయన ఆ ఊరి నేతవాళ్ళకు పెద్దమనిషి. పెళ్ళిళ్ళు, తగాదాలు, పంపకాలు అన్నీ ఆయన అరుగు మీదే తేలేవి. ఆడదానికి ఉన్న నోరు చాలదా, మళ్ళీ లా చదువెందుకు అని నవ్వినవాళ్ళ ఎదుటే నన్ను చెయ్యిపట్టి రైలెక్కించాడు. అంతటి తండ్రి. అదీ చెప్పాలి.

కాలేజీలో ఆడపిల్లలు కూర్చునే గదిలో ఒక చిన్న బోర్డు ఉండేది. ఒకరోజు దాని మీద టైపు చేసిన కాగితం అంటించారు. విద్యార్థినులకు ఈ టర్ములో రాబోయే కార్యక్రమాలు, అవకాశాలు. మొదట మూట్ కోర్టు, అంటే ఉత్తుత్తి కేసు వాదించే పోటీ. తర్వాత వక్తృత్వం. ఆపైన తిరుత్తణి వైపు నేతపల్లెల ఆడవాళ్ళ కోసం ఒకరోజు ఉచిత న్యాయసలహా శిబిరం, తెలుగు వచ్చిన అమ్మాయిలు తప్పక పేర్లివ్వాలి. అన్నిటికంటే కింద ఒక వరుస. శిబిరం మీద మంచి రిపోర్టు రాసిన ఒక్కరికి, చదువు కాగానే, హైకోర్టులో పేరున్న ఒక లాయరమ్మ దగ్గర జూనియరుగా చోటు.

ఒకే ఒక్క చోటు. తాతో తండ్రో వకీలైన పిల్లలకు అలాంటి చోటు పుట్టుకతోనే వస్తుంది. మా తాత మగ్గం గుంటలో కాళ్ళు పెట్టుకుని బతికినవాడు. ఆ వరుసను నోటుపుస్తకంలో ఎక్కించుకున్నాను. తిరుత్తణి రైల్లో కూర్చుని రోజూ చదువుకున్నాను. ఆ చోటు రాకపోతే ఇంట్లో కూర్చుని మగ్గానికి నూలు కండెలు చుట్టుకోవడమే గతి అనుకున్నాను. నిజంగా అలాగే అనుకున్నాను. తలుచుకుంటే ఇప్పుడు నవ్వొస్తుంది. ఆ నవ్వు నాకే నచ్చదు.

శిబిరం ఆదివారం పొద్దున, మా ఊరి బళ్ళోనే పెట్టారు. ఒక్కో బెంచీకి ఒక్కో అమ్మాయి. వచ్చిన ఆడవాళ్ళు చెప్పింది అచ్చు ఫారం మీద తమిళంలో రాయాలి. రాసింది చదివి వినిపించాలి. అడుగున ‘చదివి వినిపించగా సరి అని ఒప్పుకున్నాను’ అని అచ్చులోనే ఉంటుంది. దాని కింద వేలిముద్ర. సాయంత్రానికి ఆ హైకోర్టు లాయరమ్మే వచ్చి వాటిని రెండు దొంతరలు చేస్తుంది. కోర్టులో నిలిచేవి ఒక దొంతర. వాటికి ఉచితంగా వకీలును పెడతారు. నిలవనివి రెండో దొంతర. వాటిని మాట్లాడి సర్దమని ఊరిపెద్దలకు పంపిస్తారు.

మధ్యాహ్నం అవుతుండగా రాజమ్మ వచ్చింది. పక్కవీధి మునిరత్నం భార్య. నాకంటే నాలుగైదేళ్ళు పెద్ద. భుజాన చంటిది, కొంగు పట్టుకుని పెద్దపిల్ల. మునిరత్నం మగ్గం మీద లుంగీలు నేసేవాడు. రెండో కాన్పుకి రాజమ్మ వెంగల్‌లో పుట్టింటికి పోయినప్పుడు ఇంకో పెళ్ళి చేసుకున్నాడు. చేసుకున్నది ఎవర్నో కాదు, మా మేనత్త కూతుర్ని. నాకు వదిన. అందుకే ఆ పెళ్ళికి మా నాయన అడ్డుపడలేదు. అడ్డుపడకపోవడమేమిటి, తనే చేయించాడు. రాజమ్మ నోరు తెరవకముందే నాకు అంతా తెలుసు. లేచి ఇంకో బెంచీకి పంపించి ఉండొచ్చు. ఎందుకు పంపలేదు?

"నువ్వా పాపా! మనోళ్ళ పాపే ఉండాది, ఇంకేం భయం" అంటూ కూర్చుంది.

"చెప్పక్కా" అన్నాను.

"నీకు తెలీందేముంది? నేను పురుటికి పోయినప్పుడు కొండమింద గుళ్ళో దానికి తాళి కట్టినాడు. మీ నాయనే ముందర నిలబడి మూర్తం జరిపిచ్చినాడు. ఆయన పేరు రాస్తావో రాయవో, అది నువ్వే చూసుకో."

"నువ్వు చూసినావా?"

"నేను యాడ చూసేది? పచ్చిబాలింతని. కొండమింద పూలమ్మే కుప్పమ్మ చూసింది. దండలిచ్చింది ఆమేనంట. యాడికి రమ్మన్నా వచ్చి సాచ్చి చెప్తానని నా చేతిలో చెయ్యేసింది."

"నీకేం కావాలక్కా?"

"నేను బతికుండంగా ఇంకోతి ఎట్లా పెండ్లామైతాది? ఆ కల్యాణం చెల్లదని కోర్టు చెప్తే చాలు. నా యింట్లో నేను, నా బిడ్డలు ఉండాల."

ఆ నెలలోనే క్లాసులో మాకు ఆ పాఠం అయింది. భార్య ఉండగా మగవాడు రెండో పెళ్ళి చేసుకుంటే నేరం. ఉంచుకుంటే ఆ నేరం కాదు. పెళ్ళి జరిగిందని, తంతు జరిగిందని, చూసినవాళ్ళు వచ్చి చెప్పాలి. అది లేనిదే కేసు నిలవదు. పాపం రాజమ్మకు ఆ పాఠం ఎవరూ చెప్పలేదు. అయినా కావలసినవన్నీ తెచ్చి నా ముందు పెట్టింది. కొండ, తాళి, ముహూర్తం, సాక్షి. ఏ వకీలైనా ఎగిరి గంతేసే కేసు.

నేను తమిళంలో ఇలా రాశాను: భర్త వేరొక స్త్రీని ఉంచుకున్నాడు, తనను సరిగా చూడడం లేదు. అంతే. కొండ లేదు. తాళి లేదు. కుప్పమ్మ లేదు. మా నాయన లేడు.

తర్వాత ఆ కాగితం పట్టుకుని తెలుగులో చదివాను. రాసింది చదవలేదు. ఆమె చెప్పింది చెప్పినట్టు, కుప్పమ్మతో సహా, మా నాయన పేరుతో సహా, కళ్ళు కాగితం మీదే పెట్టి గడగడా అప్పజెప్పాను. పేర్లిచ్చినవాళ్ళలో తెలుగు వచ్చినవాళ్ళు కొద్దిమందే, నా పక్క బెంచీల అమ్మాయిలకు రాదు. రాజమ్మకు చదువు రాదు. శ్రద్ధగా వింది. "సరిగ్గా రాసినావు పాపా" అంది. నేనే ఆమె బొటనవేలు పట్టుకుని సిరాలో అద్ది కాగితం మీద నొక్కాను. కండెలు చుట్టీ చుట్టీ కాయలు కాచిన వేలు. ముద్ర సరిగ్గా పడలేదని రెండోసారి కూడా నొక్కాను.

ఎందుకు చేశాను? ఏళ్ళపాటు నాకు నేను చెప్పుకున్న జవాబు ఒకటుంది. మా నాయన కోసం. కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుందంటారు కదా, కన్నతండ్రి పేరు కూతురు చేత్తో ఎలా రాస్తుంది? మా వదిన బతుకేం కావాలి? వినడానికి బాగానే ఉంటుంది. కానీ కలం ఆగిన ఆ క్షణంలో నా కళ్ళ ముందు మెదిలింది మా నాయనా కాదు, వదినా కాదు. బోర్డు మీది చివరి వరుస. ఈ కేసు మొదటి దొంతరలోకి పోతే సమన్లు మా ఇంటికి వస్తాయి. నేను ఎవరి కూతుర్నో లాయరమ్మకు తెలుస్తుంది. మా నాయన ఆ రోజే నా చదువు మాన్పిస్తాడు. ఆ చోటు పోతుంది. నేను చూసుకున్నది దాన్ని.

కాగితం రెండో దొంతరలోకి పోయింది. అక్కడినుంచి మాట్లాడి సర్దమని ఊరిపెద్దకు వచ్చింది. ఊరిపెద్ద ఎవరు? మా నాయనే. కంచే చేను మేయడమంటే ఏమిటో మా అరుగు మీద చూశాను. రాజమ్మను కింద నిలబెట్టి, ఇద్దరూ అక్కాచెల్లెళ్ళలా సర్దుకుపొండి అని తీర్పు చెప్పాడు. ఆమె తల ఎత్తి ఇంట్లోకి, నా కోసం చూసింది. నేను తలుపు వెనక్కి జరిగాను. నెల తిరక్కుండా పిల్లలిద్దర్నీ తీసుకుని వెంగల్ వెళ్ళిపోయింది. మడిలో కాలు పెట్టి ఎరగని మనిషి, నాట్లకూ కోతలకూ కూలికి పోయి పిల్లల్ని పెంచింది.

ఇక్కడితో ఆగినా కొంత నయమే. ఆగలేదు. రిపోర్టు రాశాను. అందులో పేరు లేకుండా రాజమ్మ సంగతే ఉదాహరణగా పెట్టాను. భర్త ఉంచుకున్నదాన్ని కూడా పెళ్ళాం అనుకునేంత అజ్ఞానంలో మన పల్లె ఆడవాళ్ళు ఉన్నారు, వాళ్ళకు చట్టం నేర్పాలి అని ఇంగ్లీషులో, అందంగా. లాయరమ్మ ఆ పేరానే అందరి ముందూ చదివి మెచ్చుకుంది. చోటు నాకే వచ్చింది.

ఈ చేతికి ఆ తర్వాత వచ్చినవన్నీ దానివల్లే. కేసులు, పేరు, తిరువళ్ళూరులో సొంత ఆఫీసు. ఆడవాళ్ళ కేసులంటే నా దగ్గరికే వచ్చేవారు. శ్రద్ధగా చూశాను, అబద్ధం చెప్పను. కానీ ఎవరైనా వేలిముద్ర వేసేవాళ్ళు వస్తే రాసే పని గుమాస్తాకు ఇచ్చి బయటికి పోయేదాన్ని. మేడమ్‌కు అదో అలవాటు అనుకునేవారు.

కొన్నేళ్ళకు తిరువళ్ళూరు బస్టాండులో రాజమ్మ కనబడింది. తనే గుర్తుపట్టి పరుగున వచ్చింది. పక్కన ఎదిగిన కూతురు. ఆ రోజు మన కోసం రాసిన పాప ఈమే అని కూతురికి చూపించింది. మన రాత బాలేదుగానీ ఈమె తప్పేముంది అంది. నా తల నిమిరింది. తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాను. బస్సు వచ్చింది, ఎక్కేశారు. చెప్పడానికి నాకు అంతకంటే మంచి సమయం దొరకలేదు. దాన్నీ పోగొట్టుకున్నాను.

పోయిన నెల వెంగల్‌లో రాజమ్మ చనిపోయిందని తెలిసింది. మా నాయన ఎప్పుడో పోయాడు, మునిరత్నమూ పోయాడు. ఇక నేను క్షమించమని అడగడానికి మనిషి లేదు. అడిగితే మాత్రం ఏ మొహం పెట్టుకుని?

ఇంకొకటి ఉంది. చెప్పక తప్పదు. పైన ఆమె మాటలు రాశాను కదా, వాటిలో కొన్ని వదిలేశాను. చూశారా, ఇప్పుడు కూడా! ఒప్పుకుంటానని కూర్చుని, మీకు చదివి వినిపిస్తూ, మళ్ళీ అదే పని చేశాను. ఈ చేతిని ఏం చేయాలి?

కుప్పమ్మ మాట చెప్పాక రాజమ్మ ఇంకా అంది. "కాలేజీ పాప ఒకతి పెండ్లికూతురికి జడ అల్లిందంట. కుప్పమ్మకి పేరు తెలీదు. ఎవురో నీకు తెలుసునా పాపా? సదువుకున్న పాప గదా, అడిగితే నిజం చెప్తాది."

"తెలీదక్కా" అన్నాను.

ఆమెకు తెలుసా? తెలిసే అడిగిందా? చెప్పడానికి నాకొక దారి తెరిచి పెట్టిందా? అలాగైతే బస్టాండులో నా తల ఎందుకు నిమిరింది? ఈ ప్రశ్నలతోనే నాకు తెల్లవారుతుంది. జవాబు చెప్పేవాళ్ళు లేరు. మీరూ చెప్పలేరు. చెప్పమని అడగను. క్షమించమనీ అడగను. అయినా ఇంతవరకూ రాసేసరికి గుండెల మీంచి ఎవరో లేచినట్టుంది. నిజమే చెబుతున్నాను, ఊపిరి ఆడుతోంది.

తెలుసక్కా. ఆ కాలేజీ పాపను నేనే. జడ అల్లింది నేను, పూలు తురిమింది నేను. తిరుత్తణి కొండ మీద, పొద్దున పూట, మునిరత్నం మా వదిన మెడలో తాళి కట్టాడు. మా నాయన ముందు నిలబడ్డాడు. నేను అక్షింతలు వేశాను. చూశాను.