పసుపు పోసిన రేడియేటర్

మిలిటరీలో చేశానంటే మనవాళ్లు ఏ యుద్ధం చూశావని అడుగుతారు. నేను యుద్ధం చూడలేదు. చెప్పుకోదగ్గ డ్యూటీ ఒక్కటే చేశాను. అది మా ఇంటికి బస్సులో వెళ్లొచ్చేంత దూరంలోనే.

చిలకలూరిపేట దాటి మార్టూరు వైపు వెళ్లే రోడ్డు పక్కన ఒక పత్తి జిన్నింగు మిల్లు. మా మకాం అక్కడ. సికింద్రాబాదు నుంచి సాగర్ మీదుగా వచ్చాం. రెండు లారీలు, రెండు జీపులు, ఒక నీళ్ల ట్రైలరు. ఎనభైల మధ్య, అక్టోబరు చివర. వాన తగ్గింది గానీ ఆగలేదు. విచ్చిన పత్తి తడిసి కాయలకే వేలాడుతోంది. మిరప తోటల్లో మోకాటి నీళ్లు. వాగులు పొంగి పల్లెలకు దారి తెగింది. మందులు, మంచినీళ్లు చేరవెయ్యాలి. రోగులను పేట ఆసుపత్రికి తేవాలి. ఆర్డరు అంతే.

మా పెద్ద సుబేదార్ సాబ్. ఆయన మాటలన్నీ హిందీ. ఇక్కడ తెలుగులో రాస్తున్నాను. వైర్‌లెస్ ఆపరేటరు మిల్లు ఆఫీసు గదిలో సెట్టు పెట్టుకున్నాడు, ముందు జీపులో ఇంకో సెట్టు. నేను నాయక్‌ని, బండ్ల మెకానిక్‌ని. ఊరు గుంటూరు పక్కన నల్లపాడు. ముందు జీపు నడిపే లాన్స్ నాయక్‌ది వేటపాలెం. మా ఇద్దరినీ పంపింది భాష తెలుసని. పేర్లతో మమ్మల్ని ఎవరూ పిలవలేదు. నేను గుంటూరు, వాడు వేటపాలెం.

నల్లరేగడి సంగతి ఈ జిల్లాల్లో బండి నడిపేవాళ్లకు చెప్పక్కర్లేదు. తడిస్తే చక్రానికీ మడ్‌గార్డుకూ మధ్య ముద్దలా పట్టేస్తుంది. అరగంటకోసారి దిగి కర్రతో పొడిచి తియ్యాలి. మిల్లు ఆవరణలో ఇంకో బెడద, దూది. గాలికి లేచి రేడియేటర్ ముందు జల్లెడకు దుప్పటిలా అతుక్కుంటుంది. బండి వేడెక్కితే చాలామంది మూత తీసి నీళ్లు చూస్తారు. ముందు బయట జల్లెడ చూడాలి. ఈ సంగతి మొదటి రోజే డ్రైవర్లందరికీ చెప్పాను. విన్నారు, తలూపారు, మరిచిపోయారు.

వేటపాలెం చెబితే మాత్రం ఎవరూ మరిచిపోరు. అక్కడ మొదలైంది నా బాధ.

ఒక పొద్దున ఓ రైతు నీళ్లలో మునిగిన మోటారు సైకిల్‌ను తోసుకుంటూ వచ్చాడు. మిల్లు గేటు దగ్గర కిక్కు కొడుతూనే ఉన్నాడు. నేను లారీ కింద పడుకుని ఉన్నాను. అక్కడి నుంచే కేక వేశాను, కొట్టొద్దని, ప్లగ్గు విప్పమని. ఆయన వినలేదు. వేటపాలెం టీ గ్లాసు పట్టుకుని వెళ్లాడు.

"ఆపండి బాబాయ్. ఇంకో నాలుగు తన్నులు తంతే మీ మోకాలికి కూడా బోరింగు చేయించాలి."

చుట్టూ నవ్వులు. వాడు ప్లగ్గు విప్పించాడు. అప్పుడు కిక్కు కొట్టమన్నాడు. సిలిండరులో నీళ్లు చిమ్ముకుంటూ బయటపడ్డాయి. కార్బురేటరు గిన్నె వంపించాడు. ఇంజనాయిలు చూపించాడు. పాలు కలిసిన టీ రంగులో ఉంది.

"ఇది మార్చకుండా నడిపారనుకోండి, బండి మీది కాదు, పాత ఇనుము కొట్టువాడిది."

రైతు వాడి చేతులు పట్టుకున్నాడు. మర్నాటికి గేటు ముందు మరో అయిదారు బండ్లు. అందరూ అడిగేది ఒకటే. "వేటపాలెం అబ్బాయి ఉన్నాడా అండీ?" మెకానిక్‌ని నేను. నా చొక్కా మీద బ్యాడ్జీ ఉంది. వాళ్లు నన్ను దాటుకుని వెళ్లేవారు.

ఇదొక్కటే అయితే మింగుకునేవాణ్ని. కానీ ఆ ఏడు మా యూనిట్‌కు మెకానిక్ పై కోర్సులో ఒకే సీటు వచ్చింది. దానికి నా పేరు ఉంది. డ్రైవరు పని నుంచి మెకానిక్ పనికి మారతానని వాడూ అర్జీ పెట్టుకున్నాడు. డ్యూటీ అయ్యాక సుబేదార్ సాబ్ ఒక పేరు పంపాలి. వాడి అమ్మ జీడిపిక్కలు కొట్టే పని చేసేది. ఆ పిక్కల పెంకుల నూనెకు ఆమె వేళ్లు నల్లబడి, తోలు ఊడిపోయేవట. "కోర్సు అయితే మా అమ్మని ఆ పిక్కల దగ్గర్నించి లేపుతాన్రా" అనేవాడు. నాకు అలాంటి కారణం లేదు. సీటు నాది, అంతే.

తర్వాత జీపు దెబ్బతింది. వాగు అవతలి పల్లెకు మంచినీళ్లు తీసుకెళ్లాడు. వరదకు కొట్టుకొచ్చిన వెదురు గుచ్చుకుని రేడియేటర్ చిల్లిపడింది. అక్కడో కౌలు రైతు ఇంటి ముందు ఆపి, ఆయన భార్యను అడిగాడట. "అక్కా, ఇంట్లో పసుపుందా?"

"ఎవరికి దెబ్బ తగిలిందయ్యా?"

"బండికి."

ఆవిడ గిన్నెడు దుగ్గిరాల పసుపు తెచ్చింది. నీళ్లలో కలిపి రేడియేటర్‌లో పోశాడు. పసుపు ఉబ్బి చిల్లిని మూసేసింది. జీపు తనంతట తాను వెనక్కి వచ్చింది. మన లారీల వాళ్లందరికీ తెలిసిన చిట్కా ఇది. ఇంటికి చేరేదాకా పనికొస్తుంది. కానీ చేరిన రోజే తీసెయ్యాలి. లేకపోతే ఆ పసుపు సన్నటి గొట్టాల్లో గడ్డకట్టి, మంచి దారుల్ని కూడా మూసేస్తుంది.

సుబేదార్ సాబ్ పడీ పడీ నవ్వారు. "కోర్సుకి వీడు వెళ్లక్కర్లేదు. కోర్సువాళ్లే వీడి దగ్గరికి రావాలి" అన్నారు. నా పక్కనే నిలబడి అన్నారు. నా చెవులు కాలాయి.

వేటపాలెం పసుపు చేతులు ఊపుకుంటూ వచ్చాడు. "మా అమ్మవి నల్ల చేతులు, నావి పచ్చ చేతులు. ఒరేయ్ గుంటూరూ, చిల్లికి టంకం పెట్టి, లోపలంతా కడిగెయ్యి. తెల్లారి మళ్లీ అదే ఊరు వెళ్లాలి."

సుబేదార్ సాబ్ కూడా అదే ఆర్డరు ఇచ్చారు. సాయంత్రం వెలుగు చాలా ఉంది.

చిల్లికి బయటి నుంచి టంకం పెట్టాను. కింది కుళాయి తిప్పాను. నాలుగు పసుపు చుక్కలు రాలి ఆగిపోయాయి. గడ్డ అడ్డుపడింది. ఏం చెయ్యాలో నాకు తెలుసు. కింది హోసు ఊడదీసి, తీగతో పొడిచి, పంపు నీళ్లు కింది నుంచి పైకి తోయాలి. రంగులేని నీళ్లు వచ్చేదాకా తోయాలి. గంట పని. చెయ్యలేదు. కుళాయి బిగించి, పైన నీళ్లు నింపి, మూత పెట్టాను.

ఎందుకంటే, పొద్దున గేటు దాటేలోపు అది మరుగుతుంది అనుకున్నాను. సుబేదార్ సాబ్ కళ్ల ముందు ఆవిరి లేస్తుంది. పసుపు మెకానిక్ ఎంతవాడో అందరూ చూస్తారు. నేను కోరుకున్నది అంత చిన్నది. ఎవరికీ ప్రాణాపాయం రావాలని కోరుకోలేదు. కానీ బండి నా కోరికను బట్టి నడవదు.

పొద్దున చలిగా ఉంది, చినుకులు. జీపు గేటు దగ్గర మరగలేదు. వాగు దాటింది. ఊరు చేరింది. అక్కడ పసుపిచ్చిన ఆవిడ భర్తను పాము కరిచింది. మిరప చేలో నీళ్లు మళ్లించబోతే గట్టు మీద కరిచింది. వేటపాలెం ఇద్దర్నీ ఎక్కించుకుని పేటకు బయల్దేరాడు. తిరుగు దారిలో బురద లోతు, మొదటి గేరు, బరువు. సగం దారిలో సెట్టు పలికింది. ఆపరేటరు నన్ను పిలిచాడు. "నీకేనంట."

"గుంటూరూ, వేడి చూపే ముల్లు ఎర్రదాంట్లోకి పోయింది. నిన్న లోపల కడిగావా?"

సుబేదార్ సాబ్ గుమ్మంలో ఉన్నారు. ఆపరేటరు నా మొహం చూస్తున్నాడు.

"కడిగాను" అన్నాను.

"పూర్తిగా?"

"పూర్తిగా. బెల్టు చూడు. జల్లెడలో దూది చూడు."

ఇది చదివేవాళ్లకు ఒక మాట. బండి చెడినప్పుడు మెకానిక్ అడిగే మొదటి ప్రశ్నకు నిజం చెప్పండి. బాగుచెయ్యడమంటే, తప్పు లేని చోట్లను ఒక్కొక్కటే పక్కన పెట్టుకుంటూ పోవడం. మీరు ఒక అబద్ధం చెబితే అసలు చోటే పక్కకి పోతుంది. నేను కడగలేదని చెప్పి ఉంటే వాడు కింది హోసు పీకి, గడ్డ పొడిచి, వాగు నీళ్లు పోసుకుని కదిలేవాడు. వాడు బెల్టు చూశాడు. బాగుంది. జల్లెడ చూశాడు. శుభ్రంగా ఉంది. నీటి పంపు అనుమానించాడు. రోగి నోట నురగ వస్తోందని ఆవిడ ఏడుస్తుంటే మళ్లీ స్టార్టు చేశాడు. కొంత దూరం పోయాక ఇంజను పట్టేసింది.

సుబేదార్ సాబ్ లారీని పంపారు. అది రేగడిలో ఇరుసు దాకా దిగిపోయింది. వేటపాలెం ఆ మనిషిని వీపు మీద వేసుకుని నడిచాడు. ట్రాక్టరు ఒకటి ఎదురయ్యేదాకా నడిచాడు. రైతు బతికాడు. కాలు మాత్రం చాలాకాలం స్వాధీనం కాలేదని తర్వాత విన్నాను.

జీపును లాక్కొచ్చారు. మూత తీసి, టార్చి వేసి పరీక్ష చేసింది నేనే. "గొట్టాల్లో పసుపు గడ్డలు సాబ్. ఎంత కడిగినా పోవు. పసుపు పొయ్యకుండా ఉండాల్సింది" అన్నాను. గడ్డలు నిజమే. అందుకే మిగతాది కూడా నిజంలాగే వినపడింది.

రిపోర్టు పైకి వెళ్లింది. వాడి లాన్స్ నాయక్ పట్టీ పోయింది. కోర్సుకు నా పేరు వెళ్లింది. వెనక్కి బయల్దేరిన రోజు లారీలో సామాను కడుతుంటే వాడు నా పక్కకు వచ్చాడు.

"కోర్సులో రేడియేటర్ బాగా నేర్పుతారంటరా గుంటూరూ. నేర్చుకో."

తాడు రెండో కొస అందుకుని ముడి బిగించాడు. కొన్నాళ్లకు వేరే యూనిట్‌కు వెళ్లిపోయాడు.

కోర్సు చేశాను. హవల్దారునయ్యాను. సర్వీసు ముగించి నల్లపాడులో షెడ్డు పెట్టుకున్నాను. రేడియేటర్ పని వచ్చిన ప్రతివాడికీ ఒక కథ చెప్పేవాణ్ని. మా దగ్గర ఒక తెలివితక్కువ డ్రైవరు ఉండేవాడని, పసుపు పోసి ఇంజను పాడుచేశాడని. జనం నవ్వేవారు. చెప్పడం నాకు బాగా వచ్చింది, వాడిలాగే. ఆ కథ ఈ చుట్టుపక్కల షెడ్లలో ఇప్పటికీ తిరుగుతోంది. అందుకే ఇది రాస్తున్నాను. వాడు పోసిన పసుపు పని చేసింది. నేను పని చెయ్యలేదు.

వాడికి తెలుసని నాకెలా తెలుసో కూడా చెప్పాలి. విచారణ మిల్లు ఆవరణలో జరిగింది. మా ఇద్దరినీ పక్కపక్కన అటెన్షన్‌లో నిలబెట్టారు. సుబేదార్ సాబ్ అడిగారు, "పసుపు పోసింది ఎవరు?"

"నేనే సాబ్."

"కడిగింది ఎవరు?"

"నేనే సాబ్" అన్నాను.

అటెన్షన్‌లో కళ్లు కదపకూడదు. వాడు కదిపాడు. కిందికి, నా చేతుల వైపు. ప్యాంటు కుట్టు మీద ఆనించిన వాడి బొటనవేళ్ల గోళ్లు ఇంకా పచ్చగా ఉన్నాయి. పసుపు గోళ్లలోకి దిగితే ఒక పూటలో పోదు. వాటి పక్కనే నా గోళ్లు, గ్రీజు నలుపే గానీ పసుపు మచ్చ లేదు.