మిగిలింది తినే మనిషి

చూపు మసకేస్తోందని తెలిసినప్పుడు చిరుగుల పిన్ని ముందుగా తిట్టింది సూదిని. తర్వాత దారాన్ని. ఆ తర్వాత బల్ల మీది దీపాన్ని. దీపం మార్చినా లాభం లేకపోయేసరికి, నెల తిరక్కుండానే రెండోసారి కళ్ళజోడు చేతపట్టుకుని షాపాయన మీదికి యుద్ధానికి బయల్దేరింది.

వెళ్ళక ఏం చేస్తుంది పాపం! ఆవిడ పనే అలాంటిది. మంచి కోటు మీద నిప్పురవ్వ పడి చిల్లి పడిందనుకోండి. లోపలి మడతలోంచి అదే గుడ్డ పోగులు లాగి, ఒక్కో పోగునీ కిందికీ పైకీ పోనిచ్చి నేసి, చిల్లి ఎక్కడుండేదో ఆ కోటు తొడుక్కునేవాడికే తెలియకుండా చేస్తుంది. అసలు పేరు ఎవరికీ గుర్తులేదు, వీధి వీధంతటికీ ఆవిడ చిరుగుల పిన్ని. ఇస్త్రీ షాపు పక్కన కిటికీ ఉన్న చిన్న గది, ఒక బల్ల, ఒక స్టూలు, అదే ఆవిడ రాజ్యం. అలాంటి మనిషి దగ్గరికి మొన్న లాయరుగారి కోటు తిరిగొచ్చింది. "ఏంటమ్మా ఇది, దీనికన్నా చిల్లే నయం" అన్నాడాయన మొహం మీదే. పిన్నికి తల కొట్టేసినట్టయింది. ఆవిడ కుట్టింది తిరిగి రావడం అదే మొదలు.

"ఏం నాయనా, సీసా పెంకులు బిగించి నాకు అంటగట్టావా?" అంది కళ్ళజోళ్ళ షాపులో అడుగుపెడుతూనే.

ఆయన ఎదురు మాట్లాడకుండా కుర్చీలో కూర్చోబెట్టి, అద్దాలు మార్చి మార్చి అక్షరాలు చదివించాడు. నమ్మలేక మళ్ళీ చదివించాడు.

"పిన్నిగారూ, పవరు మళ్ళీ మారిపోయింది. ఇంత తొందరగా మారకూడదు. షుగరుందా?"

"ఎందుకు లేదూ, రెండేళ్ళ నుంచీ ఉంది. ఇప్పుడు మాత్రం చెప్పినట్టు వింటోంది. నేను చూసుకుంటున్నానుగా!"

"అదుపులో ఉంటే మరి కళ్ళెందుకిలా..."

"నా కళ్ళకీ మా ఆయన షుగరుకీ ఏంటయ్యా సంబంధం?"

ఆయన చేతిలో అద్దం చేతిలోనే ఉండిపోయింది. "మీ ఆయన సంగతి కాదండీ. మీ సంగతి."

"నాకా? చోద్యం! ఒక్క తీపి ముక్క కొనుక్కుని తిన్న పాపాన పోలేదు నేను. నాకెందుకుంటుంది?"

"ఎందుకైనా మంచిది, రేపు డాక్టరుగారికి చూపించుకోండి. అప్పటిదాకా నేను అద్దాలు మార్చను" అని ఆయన భీష్మించుకు కూర్చున్నాడు. పిన్ని దారి పొడుగునా ఆయన్ని ఆడిపోసుకుంటూ ఇల్లు చేరింది.

ఇంట్లో షుగరు మనిషి వేరే ఉన్నాడు మరి. ఆయన బస్సు డ్రైవరు. డిపోలో వైద్య పరీక్షలు చేసినప్పుడు బయటపడింది. అదుపులోకి రాకపోతే స్టీరింగు ముట్టుకోనివ్వం అన్నారట. ఆయన మంచం మీద కూలబడితే, నడుం బిగించింది పిన్ని. ఆ రోజు నుంచీ ఆయన కంచంలో సగం కూరగాయలే. ఒక పక్క గుడ్డో చేపో. మిగిలిన కాస్త చోటులో కప్పుతో కొలిచిన అన్నం, మెతుకు ఎక్కువ పడితే వెనక్కి తీసేసేది. మొదట్లో ఆయన అలిగాడు, విసుక్కున్నాడు, ఓ పూట కంచం తోసేశాడు. పిన్నా లొంగేది! చివరికి షుగరే దిగొచ్చింది. అప్పట్నుంచీ డిపోలో ఎవడు దొరికినా "నోరు కట్టుకోవాలి బాబూ, అంతా మన మనసులో ఉంది" అని క్లాసు పీకడమే ఆయన పని.

కంచం మారిందే గానీ, వండే గిన్నె మారలేదు. పాత గిన్నె, పాత కొలత, పాత చెయ్యి. ఆయన తినడం మానేసిందంతా ఎటు పోతుంది? చిరిగిన గుడ్డనే పారెయ్యనివ్వని మనిషి మంచి అన్నాన్ని పారబోస్తుందా? గిన్నె తోమే ముందు పొయ్యి దగ్గరే నిలబడి, గరిటెతో ఊడ్చి నోట్లో వేసుకునేది. బంగాళాదుంపలు మిగిలితే అవీ. డిపోలో ఎవరో రిటైరై కేకు పంచితే ఆయన పొట్లం కట్టి తెచ్చేవాడు. "నాకు పనికిరాదే, నువ్వు తినెయ్." అరటిపళ్ళ గెల కానుకగా వస్తే, "నువ్వు తినెయ్." ఎంత నిగ్రహమో మహానుభావుడికి! పిన్ని వాటిని తిండి కిందే లెక్కవేసుకోలేదు, గిన్నె ఖాళీ చేసే పనిలో భాగమనుకుంది. ఈమధ్య విపరీతంగా దాహం వేస్తుంటే ఎండలనుకుంది. ఒళ్ళు తగ్గుతుంటే "సన్నబడ్డావే" అని పక్కింటావిడ మెచ్చుకుంది కూడా.

మర్నాడు సెలవు పెట్టి ఆయనే దగ్గరుండి తీసుకెళ్ళాడు. డాక్టరమ్మ ముందుగా ఆయన కాగితాలు చూసి, "భేష్! ఇందులో సగం గొప్ప మీ ఆవిడది" అంది. పిన్ని పొంగిపోయింది. తర్వాత పిన్ని వేలు పొడిచి, మిషను వంక చూసి, డాక్టరమ్మ నవ్వు ఆపేసింది. చెయ్యి కడిగించి ఇంకో వేలు పొడిచింది.

"మూడువందల తొంభై."

"ఆయనకా?" అంది పిన్ని గాభరాగా.

"మీకమ్మా."

డ్రైవరు కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. ఎందుకు లేచాడో తెలియక మళ్ళీ కూలబడ్డాడు.

"పూటకి ఎంత అన్నం తింటారు?" అడిగింది డాక్టరమ్మ.

"కప్పుకి కొంచెం తక్కువే పెడతానండీ. సాయంత్రం ఇంకా..."

"ఆయనకి కాదు, మీరెంత తింటారు?"

"నేనా? మిగిలింది తింటాను."

"మిగిలింది అంటే ఎంత?"

పిన్ని పిడికిలి చూపించబోయి, దోసిలి పట్టింది. మొగుడు తినే ప్రతి ముద్దా కొలిచిన మనిషికి తను తినేది పిడికెడో, బుట్టెడో తెలియలేదు. అప్పుడేసింది ఆవిడకి అసలైన భయం.

పక్క గదిలో కంటి డాక్టరు మందు వేసి, దీపం పెట్టి లోపలంతా చూశాడు. కంటి వెనక అక్కడక్కడా సన్నగా రక్తం చిమ్మిందన్నాడు. అంటే షుగరు ఇవాళ్టిది కాదు, చాపకింద నీరులా ఎప్పట్నుంచో ఉంది. ఈ తిండి దాన్ని రెచ్చగొట్టింది.

"నా పని బాబూ? సూది పని?"

"మాత్రలు వేసుకుని తిండి అదుపులో పెడితే చూపు నిలుస్తుంది. కళ్ళజోడు తర్వాత చూద్దాం. ఇలాగే నడిస్తే మాత్రం సూది సంగతి దేవుడెరుగు, మనుషుల్నే పోల్చుకోలేరు."

కంట్లో మందు వల్ల వెలుతురు భరించలేక, పిన్ని ఆయన మోచెయ్యి పట్టుకుని ఇల్లు చేరింది. పొద్దున వండి వెళ్ళిన అన్నం చల్లారి ఉంది. కప్పుతో కొలిచి ఆయనకి వడ్డించి, తను గరిటె పుచ్చుకుని పొయ్యి వైపు తిరిగింది. అంత జరిగాక కూడా!

"ఏం చేస్తున్నావే?" అని అరిచాడాయన. "నీ కంచమేది?"

"నాకు కంచమెందుకండీ? ఎప్పుడు పెట్టుకున్నాను గనక?"

ఇన్నాళ్ళూ ఆవిడ వడ్డిస్తే తిన్న మనిషికి ఆ సంగతి ఇప్పుడే తెలిసినట్టుంది. "నేను నోరు కట్టుకున్నాననుకున్నానే" అన్నాడు. "నేను కాదన్నదంతా తెచ్చి నీ నోట్లో కుక్కాను."

లేచి ఆవిడకో కంచం తీశాడు. సగం కూరగాయలు, గుడ్డు, కప్పుతో అన్నం. అలవాటు లేక నాలుగు మెతుకులు నేల మీద పడ్డాయి. గిన్నెలో ఇంకా బోలెడు మిగిలే ఉంది. పిన్ని కళ్ళు దాని మీదికే పోయాయి. ఆయన గిన్నె ఎత్తి, పెరటి తలుపు తీసి, చెత్తబుట్టలో బోర్లించేశాడు.

"అయ్యో అయ్యో! అన్నమండీ! మతిపోయిందా మీకు?" పిన్ని గుండె బాదుకుంది.

"అన్నం పోతే పోనీవే! నువ్వేమన్నా చెత్తబుట్టవా?"

ఆయనే ఆవిడ భుజం పట్టి కూర్చోబెట్టి, కంచం ముందుకి జరిపాడు. ఆవిడకి ఆయన మీద కోపం, తన మీద కోపం, పెరట్లో పడున్న ఆ అన్నం మీద చెప్పలేనంత జాలి. ఏడుస్తూనే మొదటి ముద్ద కలుపుకుంది.