ఎదురు సీటు

శంషాబాద్ దవాఖానలో ఆయాగా పనిచేసే సువార్తమ్మకు రంగులరాట్నమంటే ప్రాణం. సాతంరాయి దగ్గర హైవే పక్కన కొత్తగా పెట్టిన పార్కుకు, ఆదివారం చర్చి వదలగానే తెల్లచీర మీదే బస్సెక్కి పోతుంది. యాభై దాటిన మనిషి, పెళ్లి చేసుకోలేదు. గేటు దగ్గర ఎవరో ఒకరు "పిల్లలేరి అక్కా?" అంటారు. "నేనే వచ్చిన" అని నవ్వి, చెప్పులు విప్పి చేత పట్టుకుని రాట్నమెక్కుతుంది. పైనుంచి ద్రాక్షతోటలు, కొత్తూరు వైపు పోయే లారీలు కనిపిస్తాయి. కిందికి జారేటప్పుడు అందరూ కేకలేస్తారు. ఆమె మాత్రం ఇనుప కమ్మీ పట్టుకుని, కడుపులో గిలిగింతను చప్పుడు లేకుండా దాచుకుంటుంది.

మొన్న ఆదివారం తుంపర పడి జనం పలచబడ్డారు. ఆమెకెదురుగా కూర్చునేవాళ్లు లేరు. "ఒక్కరే కూసుంటే తొట్టి ఒరుగుతది అక్కా" అంటూ రాట్నం తిప్పే ఐలయ్య ఎదురు సీట్లో ఇసుక సంచి పెట్టాడు. సువార్తమ్మ మోకాళ్లు పక్కకు జరిపి దానికి చోటిచ్చింది. పైనుంచి తొట్టి జారగానే ఆమె చేతులు కమ్మీ మీదికి పోలేదు. రెండూ చాచి, పడిపోకుండా సంచిని పట్టుకుంది. అప్పుడే మొదటిసారి గట్టిగా కేకేసింది.

రాట్నం ఆగాక ఐలయ్య సంచిని ఈడ్చి కిందపడేయబోయాడు.

"జర మెల్లగ దించు తమ్మీ," అందామె.