ఎడమచేతి దూతార్ గోడ

నా పేరు తుర్సున్‌బాయ్ ఎగంబెర్దియెవ్. ఊరి బడిలో ఏడు తరగతులు చదివాను. భూకంపం తాష్కెంట్‌ను నేలమట్టం చేసిన ఏడాది, పందొమ్మిదేళ్ళ వయసులో, ఒక దుప్పటి, రెండు రొట్టెలు చంకన పెట్టుకుని ఈ నగరాన్ని మళ్ళీ కట్టడానికి వచ్చాను. కట్టాను కూడా. ఇక్కడి చిలంజార్ పేట‌లో ఇళ్ళ పక్క గోడల మీద మెరిసే పింగాణీ ముక్కల బొమ్మల్లో నలభై ఒక్కటి నా చేతుల మీదుగా లేచినవే. మెట్రో స్టేషన్ ఒకదానిలో స్తంభాలకు నీలం బిళ్ళలు అతికించిన జట్టుకు నాయకుణ్ణి నేనే. మూడు ప్రశంసాపత్రాలున్నాయి, ఒక పతకం ఉంది. మా జిల్లా నుంచి వచ్చిన వాళ్ళలో ఈ పని నేర్చినవాడు నా ముందు ఎవడూ లేడు.

ఇదంతా ఇప్పుడెందుకు చెబుతున్నానంటే, మొన్న శరదృతువులో ఒక పిల్ల నా కిటికీ కిందే నిలబడి మమ్మల్ని ఏమీ తెలియని కూలీలు అన్నది. వినిపించుకోనట్టు ఊరుకోవడం నాకు చేతకాలేదు. దాని ఫలితం నేనే అనుభవించాను.

మా నాలుగంతస్తుల భవనం పక్క గోడ మీద, దూతార్ అనే రెండు తీగల వాద్యం వాయించే మనిషి బొమ్మ ఉంది. మనిషి కాళ్ళు మొదటి అంతస్తులో, తలపాగా నాలుగో అంతస్తులో. ఆ గోడకు లోపలి వైపు అంతస్తుకొకటిగా ఉన్న నాలుగిళ్ళలో మూడో అంతస్తుది మాది. నగర కార్యాలయం వాళ్ళు చలి తగ్గడానికని ఇళ్ళన్నిటికీ బయట మందపాటి థర్మోకోల్ పలకలు అతికించి, పైన మీగడరంగు పూత పూస్తున్నారు. బొమ్మలున్న ఇళ్ళను మాత్రం ముందు ఒక ఇన్‌స్పెక్టర్ వచ్చి చూస్తాడు. విలువైనదని రాస్తే గోడ ఉంటుంది. లేదంటే పూతే.

మా ఇంటికి వచ్చిన ఇన్‌స్పెక్టర్ పేరు అబ్దురషీదొవ్. బూట్లకు దుమ్ము అంటకుండా నడిచే మనిషి. విదేశీయులను తిప్పి ఈ గోడలు చూపించే షహ్లో అనే పిల్ల కూడా ఆ రోజు వచ్చింది, గోడను కాపాడాలని. మంచి ఉద్దేశమే, కాదనను.

"చూడండి, ఇతను ఎడమచేత్తో వాయిస్తున్నాడు," అంది షహ్లో. "దూతార్ ఎవరైనా అలా వాయిస్తారా? చిత్రకారుడు కావాలనే అలా గీశాడు. అప్పటి ప్రభుత్వం మీద నిరసన అది. పేర్చిన కూలీలకు ఏం తెలుసు పాపం, ఇచ్చింది ఇచ్చినట్టు పేర్చేశారు."

ఇన్‌స్పెక్టర్ తల పంకించి, "ఇలాంటిది ఇంకోటి లేదన్నమాట. సరే, ఉంచమని రాస్తాను," అని కలం తీశాడు.

నేను గోడ ఎదుట బెంచీ మీంచి లేచాను.

"అమ్మాయ్, నిరసన ఏంటి నిరసన? అది పొరపాటు. చేసింది నేను."

పక్కనే నిలబడ్డ ముహబ్బత్ అపా నా కోటు పట్టుకు లాగింది. ఆమె రెండో అంతస్తులో ఉంటుంది, రైల్వేలో టికెట్లు అమ్మి రిటైరైన మనిషి, నాకంటే రెండేళ్ళు పెద్ద, అందుకే అపా, అంటే అక్క. "కూర్చో తుర్సున్, ఆయన రాసేదాకా నీ నోరు కట్టేసుకో," అని గొణిగింది. నేను కూర్చోలేదు.

ఆ పని తెలియనివాళ్ళకు చెప్పాలి. గోడ కట్టాక బొమ్మ అతికించేవాళ్ళం కాదు మేము. ఫ్యాక్టరీలో ఇనుప అచ్చు అడుగున బొమ్మ కాగితం పరిచి, దాని మీద పింగాణీ ముక్కలను ముఖం కిందికి ఉండేట్టు పేర్చి, పైన కాంక్రీటు పోసేవాళ్ళం. గట్టిపడ్డాక క్రేన్‌తో ఎత్తితే గోడా బొమ్మా కలిసే లేచేవి. పేర్చినన్ని రోజులూ మాకు కనబడేది ముక్కల వీపే. గోడ లేచాక ముఖం వైపు కుడి ఎడమలు తారుమారవుతాయి, అందుకని కాగితం మీద ముందే తిప్పి గీసుకోవాలి. ఆ ఏడాది నవంబరులో వచ్చే విప్లవ దినోత్సవంలోగా ఇల్లు అప్పజెప్పాలని తొందర. తిప్పి గీసుకునే తీరిక లేక, చిత్రకారుడు పంపిన కాగితం ఉన్నదున్నట్టు పరిచేశాను. గోడ నిలబెట్టాక చూస్తే దూతార్ మెడ కుడిచేతిలో ఉంది. అప్పటి మా జట్టు నాయకుడు నన్ను పక్కకు పిలిచి, "నోరెత్తకు, చూసేవాళ్ళు రంగులే చూస్తారు," అన్నాడు. అదే జరిగింది. చప్పట్లు కొట్టారు, నా రెండో ప్రశంసాపత్రం దానికే ఇచ్చారు.

"నమ్మకపోతే నాతో రండి," అన్నాను. రెండు వీధుల అవతల అదే కాగితంతో ఇంకో జట్టు తిప్పి గీసి పేర్చిన గోడ ఉంది. తీసుకెళ్ళి చూపించాను. అదే తలపాగా, అదే అంచు, ఆకుపచ్చ చెప్పుల మీద అదే పసుపు చుక్క. వాయించేది మాత్రం కుడిచేత్తో.

ఇన్‌స్పెక్టర్ నవ్వాడు. "చాలా సాయం చేశారు పెద్దాయనా. అంటే సరైనది ఇక్కడుంది. మీ ఇంటిది లోపం ఉన్న నకలు." ఉంచనక్కర్లేదని రాసుకున్నాడు.

లోపం ఉన్న నకలట. యాభై ఏళ్ళుగా ఎండకూ మంచుకూ ఒక్క ముక్క రాలని గోడని. వాళ్ళు అతికించే థర్మోకోల్ పక్క వీధిలో రెండేళ్ళకే పిచ్చుకలు పొడిచి బొక్కలు చేశాయి. లోపం ఎక్కడుందో ఆ బూట్లాయన చూసుకోవాలి. అబద్ధం చెబితే కాపాడతారట, నిజం చెబితే పూత పూస్తారట. ఏ బడిలో చదివాడో గాని, మా ఊరి బడిలో మాకు అది నేర్పలేదు.

దారిలో షహ్లో కళ్ళు తుడుచుకుంటూ, "తాతగారూ, ముందే నాకు చెప్పుంటే ఎంత బాగుండేది," అంది.

"నువ్వు అడిగితే కదా. వారం వారం జనాన్ని వెంటేసుకుని నా కిటికీ కింద నిలబడ్డావు. ఒక్కసారి తలెత్తి, పైన ఎవరైనా ఉన్నారా అన్నావా?"

ముహబ్బత్ అపా నన్ను వదల్లేదు. "గోడా పాయె, పరువూ పాయె. తప్పు ఒప్పుకోడానికి ఇంత ఆరాటపడేవాణ్ణి నేనెక్కడా చూడలే."

అయితే ఒక నిబంధన ఉంది. గోడకు లోపలి వైపున్న నాలుగిళ్ళవాళ్ళూ వద్దని సంతకం చేస్తే బయట పలకలు అతికించకూడదు. సంతకం అడగడానికి తలుపు తలుపూ తట్టాను. వాళ్ళదీ న్యాయమే. ఆ గోడ పక్కన పడుకుంటే జనవరిలో వీపు గడ్డకడుతుంది.

"బొమ్మ నీకు, చలి నాకా?" అంది అపా.

"నీ గదికి లోపలి నుంచి నేను పలకలు వేస్తాను. నా చేత్తో. వెచ్చగా లేకపోతే నా మొహాన కొట్టు."

"డెబ్బై ఎనిమిదేళ్ళ మేస్త్రీ. నిచ్చెన మీంచి పడితే నిన్ను మోసుకెళ్ళేది ఎవరు?"

"పడేలోగా సంతకం పెట్టు."

పెట్టింది. పై ఇల్లు, కింది ఇల్లు కూడా అదే మాట మీద పెట్టాయి. నాలుగు సంతకాల కాగితం కార్యాలయంలో ఇచ్చి, చేరినట్టు ముద్ర వేయించుకుని మరీ వచ్చాను. ఇన్‌స్పెక్టర్ దాన్ని రెండుసార్లు చదివాడు. మా గోడను పూత జాబితాలోంచి కొట్టేశాడు.

కింది ఇంట్లో పని తొమ్మిది రోజులు పట్టింది. పైన పదకొండు. అపా గది నాలుగు వేళ్ళు ఇరుకైంది, ఆమె బీరువా తలుపు ఇప్పుడు సగమే తెరుచుకుంటుంది. పొద్దున్నే అందుకు నన్ను తిడుతుంది, మధ్యాహ్నానికి టీ పంపిస్తుంది.

ఇప్పుడు డిసెంబరు. మా గది ఒక్కటే మిగిలింది. నా భార్య ఐనీసా దుప్పటి మీద దుప్పటి కప్పుకుని కూర్చుని, "మేస్త్రీ గారూ, మా ఇంటికి ఎప్పుడొస్తారు?" అని అడుగుతోంది. కోటు విప్పకుండానే కొలతలు తీసుకుంటున్నాను.