ఖలాస్ ఖర్జూరం, హోజరి సాంబ్రాణి

మొన్న మేముండే ట్రాయ్‌లో ఇండియన్ స్టోర్‌కి వెళ్తే, ఖర్జూరం డబ్బా మీద ‘ఖర్జూరం’ అని తప్ప మరో మాట లేదు. మా అత్తయ్యగారు చూసి ఉంటే కౌంటర్ దగ్గర పోట్లాటకు దిగేవారు. మామయ్యగారి ఉద్యోగం పుణ్యమా అని ఒమన్‌లో, సలాలా అనే ఊళ్లో ముప్పై ఏళ్లు కాపురం చేసిన మనిషి ఆవిడ. ఖర్జూరాల్లో ఖలాస్ రకం అంటే తేనెరంగులో ఉండి నోట్లో కరిగిపోవాలి, ఫర్ద్ అంటే నల్లగా ఉండి నెలల తరబడి నిలవాలి. సాంబ్రాణి విషయంలోనూ అంతే పట్టింపు. మన ఇళ్లల్లో వేసే పొడిని ఆవిడ సాంబ్రాణి కింద జమకట్టేవారే కారు. అక్కడ చెట్టుకి గాటు పెడితే కారే బంకని లుబాన్ అంటారట. కొండల అవతల ఎండునేలలో దొరికే హోజరి లేత ఆకుపచ్చ ఛాయతో, నిమ్మతొక్క వాసనతో ఉంటుంది. సముద్రం వైపు దొరికే షాబీ దాని ముందు దిగదుడుపు.

మామయ్యగారు పోయాక ఆవిడ మా అపార్ట్‌మెంట్‌కి వచ్చేశారు. ఆ మధ్య ఒక చలికాలంలో, సలాలాలో పక్కింటి అరబ్బావిడ మనవరాలు ఇక్కడ చదువుకుంటోందని తెలిసింది. మా ఆయన పుట్టినప్పుడు అత్తయ్యగారికి కన్నతల్లిలా పథ్యం పెట్టింది ఆ పక్కింటావిడే. ఆవిడ పోతే చివరిచూపుకి వెళ్లలేకపోయానన్న బాధ అత్తయ్యగారికి ఉండిపోయింది.

“పిల్లని ఒక పూట పిలుద్దాం అమ్మాయ్. ఖలాస్, హోజరి ఉంటే చాలు, ఇంకేం వద్దు,” అన్నారు.

ఇంకేం వద్దట! శనివారమంతా మంచులో డ్రైవ్ చేసి డియర్‌బోర్న్‌లో అరబ్ దుకాణాలన్నీ తిరిగాను. “ఖలాస్ ఉందా?” అంటే ఒకాయన “ఖలాస్ ఖలాస్!” అని తన జోకుకి తనే నవ్వుకున్నాడు. అయిపోయిందని చెప్పడం అది. చివరికి లావుపాటి కాలిఫోర్నియా మెజూల్ ఖర్జూరాలు, కాస్త లుబాన్ పట్టుకొచ్చాను.

“లావుంటే సరిపోయిందా?” అన్నారు అత్తయ్యగారు. నేను తెచ్చిన లుబాన్‌ని వాసన చూసి, “షాబీ,” అంటూ పక్కన పెట్టేశారు. పెట్టె అడుగు నుంచి తన దగ్గర మిగిలిన నాలుగు హోజరి పలుకులు తీశారు. నాకు ఒళ్లు మండిపోయింది.

ఆ పిల్ల వచ్చింది. ఇద్దరూ అరబ్బీలో కబుర్లు మొదలెట్టారు. ఖర్జూరాల పళ్లెం ముందుపెట్టి, నేను వద్దంటున్నా వినకుండా అత్తయ్యగారు బొగ్గు మీద పలుకులు వేశారు. ఇల్లంతా నిమ్మతోటలా అయింది. అంతలోనే స్మోక్ అలారం గోల పెట్టింది. దాని వెనకే బిల్డింగ్ అలారం. అందరం పార్కింగ్ లాట్‌లోకి పరిగెత్తాం. పైజమాల్లో ఉన్న ఇరుగుపొరుగు మమ్మల్ని కొరకొరా చూస్తున్నారు. ఫైర్ ట్రక్ కూడా వచ్చింది. సిగ్గుతో, చలితో నాకు ఏడుపొక్కటే తక్కువ.

వాతావరణం తేలిక చేద్దామని కాబోలు, ఆ పిల్ల ఇంగ్లీష్‌లో నాతో అంది. “మా దగ్గర ధూపం వేశాక అతిథి ఇంక కూర్చోకూడదు ఆంటీ. బామ్మగారు బిల్డింగ్ మొత్తాన్ని సాగనంపేశారు!”

అత్తయ్యగారు నవ్వలేదు.

“నేనింకా సాగనంపలేదే! అది ఒక్క పండు కూడా తినలేదు,” అన్నారు నాతో తెలుగులో.

మమ్మల్ని లోపలికి పంపేసరికి ఆ పిల్లకి క్లాస్ టైమ్ అయిపోయింది. ఆ పిల్ల కారు పార్కింగ్ లాట్ దాటేదాకా అత్తయ్యగారు ఆ చలిలోనే నిలబడ్డారు. మళ్లీ పిలుద్దాం, ఈసారి ఖలాస్ దొరికాక పిలుద్దాం అనుకుంటూ ఉండగానే ఆ పిల్ల చదువు ముగించుకుని వాళ్ల దేశం వెళ్లిపోయింది. ఆ మరుసటి ఏడు అత్తయ్యగారూ పోయారు. ‘మళ్లీ’ అని ఎంత ధీమాగా అంటామో, కాలం మనకేదో మాటిచ్చినట్టు.